పన్ను పీకాక ఒక్క ఫోను చెయ్యలేరా?

నిన్న మీ ఫోను ఎన్నిసార్లు మోగింది?

గుర్తు తెచ్చుకోండి. నగల మీద అప్పిచ్చిన కంపెనీ ఒకసారి. రీచార్జి అయిపోతోందని ఒకసారి. కరెంటు బిల్లు, గ్యాసు బండ, మీరెప్పుడూ అడగని ప్లాటు, మీకెన్నడూ అక్కర్లేని లోను. ఎన్నికలొస్తే నాయకుడే రికార్డు చేసిన గొంతుతో మీ చెవిలో దూరి దణ్ణం పెడతాడు.

మొన్న మీ పన్ను పీకిన డాక్టరు చేశాడా?

చెయ్యలేదు. చేస్తాడని మీరూ అనుకోలేదు.

ఆ రెండో మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతోంది.

నేను మాట్లాడుతున్నది నాగలాపురం గురించి. చిత్తూరు వైపు నాగలాపురం కాదు. తమిళనాడులో, తూత్తుక్కుడి జిల్లాలో, విలాత్తికుళం వైపు ఉన్న నాగలాపురం. కరిసల్ నేల, అంటే నల్లరేగడి. మిరప, పత్తి, మినుము, కొత్తిమీర. చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు: నాయకర్లు, రెడ్డియార్లు, రాజులు, అరుంధతీయులు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మందుల చీటీ మీద ఇంగ్లీషు. పన్ను నొప్పి బాగా ముదిరితే కోవిల్‌పట్టి బస్సెక్కాలి, లేదంటే అరుప్పుకోట, అదీ కాకపోతే విరుదునగర్. ఎటు పోయినా ఒక రోజు కూలి పోయినట్టే.

ఆ కూలి ఎవరిదో తెలుసా? చాలా ఇళ్లలో ఆడమనిషిది. పొద్దున్నే వ్యాను వచ్చి తీపెట్టి ఆఫీసుకి, అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి, తీసుకుపోతుంది. ఎన్ని అగ్గిపెట్టెలు చేస్తే అంత కూలి. వెళ్లని రోజు సున్న.

అలాంటి అక్క ఒక రోజు కూలి వదులుకుని, బస్సులో నిలబడి పోయి, దవడ పన్ను పీకించుకుంటుంది. నోట్లో దూది. సగం మొహం మొద్దుబారి ఉంది. పెదవి ఎక్కడుందో ఆమెకే తెలీదు. సరిగ్గా అప్పుడు చెప్తారు జాగ్రత్తలన్నీ. ఉమ్మకూడదు. ఇవాళ పుక్కిలించకూడదు. వేడివేడిగా తినకూడదు. ఈ మాత్ర పొద్దున, ఇది రాత్రి, ఇది నొప్పుంటేనే.

నోరు తెరవలేని మనిషికి అన్నీ చెప్పేసి, "ఏమైనా సందేహముందా అమ్మా?" అని అడుగుతారు!

ఏం అడుగుతుంది? ఎలా అడుగుతుంది? తల ఊపుతుంది. డబ్బు కడుతుంది. బయటికొస్తుంది. ఇంకో టోకెన్ నంబరు పిలుస్తారు.

అసలు సందేహాలు మొద్దు దిగాక మొదలవుతాయి. రాత్రి భోజనాల వేళ. ఉమ్మి ఎర్రగా వస్తోంది, ఇది మామూలేనా? ఏమీ తినలేదు, షుగరు మాత్ర వేసుకోవచ్చా? వక్కాకు వేసుకోకుండా ఎన్నాళ్లుండాలి? రేపు పనికి పోవచ్చా? ఎవరినడగాలి? చీటీ పైన నంబరుంటుంది. చేస్తే మోగుతుంది. మోగి మోగి ఆగిపోతుంది.

మీకు ఇది చిన్న విషయంలా ఉందా?

అయితే వినండి. పన్ను పీకిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చోవాలి. గట్టిగా పుక్కిలించినా, బీడీ పీల్చినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. ఊడితే ఎముక బయటపడుతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో చెవిదాకా లాగే నొప్పి పట్టుకుంటుంది. డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. పొగతాగేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. గుంట కడిగి మందు పెడితే చాలావరకు అక్కడికక్కడే తెరిపినిస్తుంది. ఆ సంగతి ఎవరికి తెలుసు? డాక్టరుకి. నొప్పి ఎవరికుంది? ఊళ్లో ఉన్న అక్కకి. ఇద్దరి చేతుల్లోనూ ఫోనుంది. ఇద్దరి ఫోన్లలోనూ బ్యాలన్సుంది.

మోగదు.

ఆ అక్క ఏం చేస్తుంది? పక్కింటి అవ్వ చెప్పినట్టు లవంగం పెడుతుంది. తగ్గకపోతే పొగాకు నలిపి పెడుతుంది. అదీ కాకపోతే ఉప్పు మూట వేడిచేసి చెంపకి కాపడం పెడుతుంది. లోపల చీముంటే ఆ కాపడం చీముని బయటి చర్మం వైపు లాగొచ్చు, చెంపకి చిల్లి పడొచ్చు. జీవితాంతం మచ్చ. రెండు నిమిషాల ఫోనులో "కాపడం పెట్టొద్దక్కా" అని చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంకా చెప్పమంటారా? చెప్తాను, మధ్యలో ఆపకండి. కింది దవడకి సూది వేయించుకున్న పసివాడు మొద్దుబారిన పెదవిని ఆటగా కొరుక్కుని తెల్లారేసరికి పుండు చేసుకుంటే, సూది వికటించిందనుకుని తల్లి రాత్రంతా ఏడ్చినా అడిగినవాడు లేడు, గుండెకని రక్తం పలచబరిచే మాత్ర మింగే తాత పన్ను పీకించుకొచ్చి దిండు తడిసేదాకా నెత్తురు కక్కినా అడిగినవాడు లేడు, రెండు మాత్రలకే నొప్పి తగ్గిందని మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు దేవుడి గూట్లో దాచి మళ్లీ నొప్పొచ్చినప్పుడు కోడలికిచ్చినా అడిగినవాడు లేడు, వేరు చికిత్స మొదలుపెట్టి తాత్కాలికంగా మూసిన పన్ను నొప్పి పోయింది కదా అని అలాగే వదిలేస్తే ఆరు నెలలకి రెండుగా చీలి ఆ ఖర్చంతా గంగపాలైనా అడిగినవాడు లేడు, కొత్త కట్టుడుపళ్లు రెండో రోజుకే చిగురు ఒరిపి పుండు చేస్తే కాస్త అరగదీయించుకుంటే పోతుందని తెలియక అవ్వ వాటిని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టి రాగిగంజి తాగి బతుకుతుంటే అడిగినవాడు లేడు, కుట్లు విప్పించుకోవాల్సిన వారం దాటి దారం చిగురులో పాతుకుపోయినా అడిగినవాడు లేడు, దవడ కింద వాపు గొంతులోకి దిగి మింగుడు పడక మాట ముద్దయి ఊపిరాడక ఆటోలో పెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తినా ఆ పన్ను చూసినవాడికి ఆ కబురే తెలియదు, చెంప లోపల తెల్ల మచ్చ చూసి ముక్క కోసి పరీక్షకి పంపి ఆ రిపోర్టు వచ్చి బల్ల సొరుగులో పడుంటే "రోగి రాలేదు" అని చేతులు దులుపుకున్నారు తప్ప ఆ రోగి నంబరు అదే చీటీ మీద ఉందని చూసినవాడు లేడు.

ఆఖరిది మళ్లీ చదవండి.

రిపోర్టు సొరుగులో. నంబరు చీటీ మీద. క్యాన్సరు నోట్లో.

దీన్ని ఏమంటారు? పని ఒత్తిడా? సిబ్బంది కొరతా? నోరు పెగలట్లేదా?

దవడ కింద వాపు సంగతి ఊరికే చెప్పలేదు. నాలుక కింద మెత్తటి చోట చీము పాకి ఊపిరి దారి మూసేసే ఆ జబ్బుని 1836లోనే జర్మనీలో లుడ్విగ్ అనే వైద్యుడు వర్ణించాడు. ఇప్పటికీ అతని పేరే దానికి. ఎక్కువసార్లు మొదలయ్యేది కింది దవడ పంటి నుంచే. వాపు చెంపలో ఉన్నప్పుడు పట్టుకుంటే మాత్రలూ, చిన్న గాటూ సరిపోవచ్చు. గొంతులోకి దిగాక ప్రాణం మీదికొస్తుంది. ఆ రెంటికీ నడుమ ఒకటి రెండు రోజులే ఉండొచ్చు. ఆ ఒకటి రెండు రోజుల్లో అడగాల్సింది మూడే ప్రశ్నలు. జ్వరముందా? నోరు తెరుచుకుంటోందా? మింగుడు పడుతోందా?

ఈ మూడు అడగడానికి ఎంబీబీఎస్ కావాలా? బీడీఎస్ కావాలా? కౌంటరు దగ్గర కూర్చున్న పిల్ల అడగలేదా?

అగ్గిపెట్టెలు చేసే నేల కాబట్టి ఇంకో మాట చెప్పాలి. దవడకీ అగ్గిపుల్లకీ పాత లెక్క ఒకటుంది. 19వ శతాబ్దంలో అగ్గిపుల్ల మందులో తెల్ల భాస్వరం కలిపేవాళ్లు. ఆ ఆవిరి పీల్చిన కూలీలకి ముందు పన్ను నొప్పి వచ్చేది. పన్ను పీకేవాళ్లు. పీకిన గుంట మానేది కాదు. చీము, కంపు, ఆపైన దవడ ఎముకే చచ్చుబడి ఊడొచ్చేది. 1888లో లండన్‌లో బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీ ఆడపిల్లలు జరిమానాల మీదా, తక్కువ కూలి మీదా సమ్మెకి దిగారే, వాళ్ల నెత్తిన వేలాడిన భయాల్లో ఇదొకటి. 1906లో బెర్న్‌లో కొన్ని దేశాలు ఆ భాస్వరాన్ని మానేద్దామని ఒప్పందం రాసుకున్నాయి. మన దేశంలో 1913లో చట్టం చేసి నిషేధించారు. ఇవాళ కోవిల్‌పట్టిలో, సాత్తూరులో, శివకాశిలో చేసే పుల్లల్లో ఆ విషం లేదు.

కానీ ఆ జబ్బు జాడ ఎక్కడ దొరికింది? మానని పంటి గుంటలో. ఎవరో మళ్లీ నోరు తెరిపించి చూశారు కాబట్టి దొరికింది. పీకేసి పంపేసి మరిచిపోయి ఉంటే ఇంకెంతమంది దవడలు రాలేవో.

వాళ్లకి ఫోను లేదు. చూశారు. మనకుంది.

"ఇది ఎండిన నేల, పేద జనం, ఇక్కడ ఇవన్నీ కుదరవు" అంటారు కొందరు పెద్దమనుషులు. సిగ్గుండాలి. ఇదే ప్రాంతంలో, ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురంలో, 1918లో ఒక రైతు ఇంట పుట్టాడు గోవిందప్ప వెంకటస్వామి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిన మనిషి. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని లక్షకి పైగా కంటి ఆపరేషన్లు చేశాడు. 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టాడు. శుక్లం తీసి "ఇక నీ దారి నీది" అనలేదు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో చెప్పడం, చూడడం వైద్యంలో భాగమే అక్కడ. 2004 నుంచి పల్లెల్లో చిన్న కేంద్రాలు తెరిచి, అక్కడ కూర్చున్న రోగిని ఎక్కడో ఉన్న కంటి డాక్టరుకి తెర మీద చూపిస్తున్నారు. మన మట్టిలో పుట్టినవాడు కంటికి చేసింది పంటికి చెయ్యకూడదని ఎవరు రాశారు?

కన్ను పోతే అయ్యో అంటారు. పన్ను పోతే "ఇంకా 31 ఉన్నాయిగా" అని నవ్వుతారు. మీరు నవ్వలేదా ఎప్పుడూ?

తెలుగువాళ్లకి ఫోనుతో వైద్యం కొత్తా? 108 అంబులెన్స్ మొదలైంది హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. మూడంకెలు నొక్కితే ప్రాణం నిలబడుతుందని దేశానికి చూపించాం. దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అంటే మూడు దశాబ్దాలు. ఇంకా ఎన్నాళ్లు కావాలండీ, పన్ను పీకినవాడు "ఎలా ఉందమ్మా?" అనడానికి?

దీనికి రుజువు కావాలంటారా? 1998లోనే కెనడా పరిశోధకులు 118 చిగుళ్ల శస్త్రచికిత్సల మీద చూశారు. ఆపరేషన్ తర్వాత ఫోను చేసి పలకరించినవాళ్లకి నొప్పి తక్కువ అనిపించింది, నొప్పి మాత్రలూ తక్కువే మింగారు. మందు కాదు, సూది కాదు, పలకరింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొబైల్ ఫోనుతో నోటి ఆరోగ్యాన్ని ఎలా చూసుకోవాలో ఏకంగా పుస్తకమే వేసింది. ఆ మరుసటి ఏడే ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి జబ్బులతో ఉన్నారని లెక్క తేల్చింది. పుస్తకం వచ్చింది. లెక్క వచ్చింది. కోవిల్‌పట్టి బస్సు దిగిన అక్కకి ఏమొచ్చింది?

వాణియంబాడి గుర్తుందా?

లేదు కదూ. తిరుపత్తూరు జిల్లా. అక్కడి ఒక దంత వైద్యశాలలో చికిత్స చేయించుకున్నవాళ్లలో 8 మంది 2023లో చనిపోయారు. పంటి కోసం వెళ్లినవాళ్లు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి మెదడుకెక్కింది. మెలియోయిడోసిస్ అంటారు ఆ జబ్బుని. సెలైన్ సీసాని వాడిన పరికరంతో తెరిచి, వదులుగా మూసి, మళ్లీ మళ్లీ వాడడమే దారి తీసిందని తేల్చిన పరిశోధన 2025లో లాన్సెట్ వాళ్ల పత్రికలో వచ్చింది. వార్త రెండు రోజులు తిరిగింది. తర్వాత మనం క్రికెట్ చూసుకున్నాం.

ఫోను చేసి ఉంటే వాళ్లంతా బతికేవాళ్లని నేననను. ఒకటి మాత్రం అడుగుతాను. ఒకే కుర్చీలో కూర్చుని లేచినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మంచాన పడుతుంటే ఆ కుర్చీకి ఎలా తెలుస్తుంది? ప్రతి రోగికీ మూడో రోజున, పదో రోజున ఫోను పోయే చోట ఇద్దరు ముగ్గురు జ్వరమనగానే ఎవరికో ఒకరికి అనుమానం రాదా? ఫోను చెయ్యని చోట ఆ అనుమానం ఎవరికి రావాలి? శ్మశానంలో కాపరికా?

ప్రభుత్వానికి చేతకాదనుకోకండి. చేతనవును. కావాలనుకున్నప్పుడు మహా బాగా చేతనవును. 2023 సెప్టెంబరులో తమిళనాట ఆడవాళ్లకి నెలకి 1,000 రూపాయలిచ్చే పథకం మొదలుపెట్టేముందు ఖాతా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒక్క రూపాయి వేసి చూశారు. ఒక్క రూపాయి! కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఒక నంబరిచ్చి, కాన్పు దాకా, బిడ్డ టీకాల దాకా వెంటపడే ఏర్పాటు తమిళనాట ఏళ్లుగా ఉంది. ఆ నంబరు లేకుంటే బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ దగ్గర తిప్పలే. బీపీ, షుగరు మాత్రలు గడప దగ్గరికే తెచ్చిచ్చే మక్కళై తేడి మరుత్తువం అనే పథకం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. బాగుంది, చేతులెత్తి మొక్కుతాను. ఆ మాత్రల సంచీతో గడపెక్కే అమ్మాయి "పన్నేమైనా పీకించుకున్నావా అక్కా, మానిందా?" అని ఇంకొక్క ప్రశ్న అడిగితే సంచీ బరువెక్కుతుందా? పొగాకు మానెయ్యాలనుకునేవాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే మెసేజీలు పంపే ఏర్పాటు కేంద్రం 2016 నుంచి నడుపుతోంది. మిస్డ్ కాల్! మనకి అలవాటైన పని అది. పైసా ఖర్చు లేకుండా పలికే విద్య. దాన్ని పంటికి వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇక డాక్టర్ల సాకులు. నవ్వొస్తుంది.

"మేం రమ్మంటాం, వాళ్లే రారు."

నగల అప్పు కంపెనీ అలా అంటుందా? వాయిదా కట్టలేదని ఊరుకుంటుందా? మిమ్మల్నీ, మీ బావమరిదినీ, మీ మేనమామనీ వదలదు. ఎందుకు? అక్కడ దాని డబ్బుంది. ఇక్కడ మీ డబ్బు మీరు ముందే తీసుకున్నారు. అంతే తేడా.

"టైము లేదు."

మన దేశంలో 300కి పైగా దంత వైద్య కళాశాలలున్నాయి. తమిళనాట వాటికేం కొదవ లేదు. చదువు చివరి ఏడాదంతా పిల్లలు హౌస్ సర్జన్లుగా పనిచేస్తారు. సాయంత్రం గంటసేపు ఆ పిల్లల చేత ఫోన్లు చేయిస్తే వాళ్లకి చదువు, వీళ్లకి వైద్యం. పీకడం నేర్పారు. పీకాక ఏమవుతుందో ఎవరు నేర్పాలి?

"ఫోన్లు ఎత్తరు."

పొద్దున పదకొండింటికి చేస్తే ఎలా ఎత్తుతుంది? తీపెట్టి ఆఫీసులో చేతులకి మందంటుకుని ఉంటుంది. ఫోను ఇంట్లో మొగుడి దగ్గరో, బడికి పోయే కొడుకు దగ్గరో ఉంటుంది. వ్యాను దింపేసి, పొయ్యి ముట్టించి, కాస్త కూర్చునే వేళ ఏదో ఆ ఊరివాళ్లని అడిగితే చెప్తారు. ఎప్పుడైనా అడిగారా? ఆమె ఊరేదో, వ్యాను ఎప్పుడొస్తుందో, ఎవరి నంబరుకి చేస్తే ఆమెకి అందుతుందో చీటీలో ఒక్క గడి పెట్టారా?

"మెసేజి పంపుతున్నాంగా."

పంపుతున్నారు! ఇంగ్లీషులో! "డియర్ పేషెంట్" అట. అందులో తేదీ ఉంటుంది, క్లినిక్ పేరుంటుంది, కింద పళ్లు తెల్లబరిచే ఆఫరుంటుంది. మనిషి దవడ వాచి కూర్చుంటే తెల్లబరుస్తాడట. కొన్ని పెద్ద క్లినిక్కులకి ఫోను చెయ్యడం రాకపోలేదు సుమా. పండగ డిస్కౌంటుకి చేస్తారు. గూగుల్‌లో ఐదు చుక్కలు పెట్టమని చేస్తారు. మానిందా అని మాత్రం చెయ్యరు.

ఇక్కడి తెలుగు అవ్వకి తెలుగు అక్షరాలు రావు. చాలామందికి తమిళ అక్షరాలూ అంతంతమాత్రమే. మాట మాత్రం వచ్చు. అమ్మ నేర్పిన తెలుగు మాట. కాబట్టి రాత కాదు, గొంతు కావాలి. "అవ్వా, పన్ను పీకిన డాక్టరు ఇంటినించి చేస్తున్నాం. నొప్పి తగ్గి ఉంటే ఒకటి నొక్కు. అలాగే ఉంటే రెండు నొక్కు. వాపో జ్వరమో ఉంటే, మింగలేకపోతుంటే మూడు నొక్కు." ఇంతే. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మూడు నొక్కినవాళ్లకి మనిషి ఫోను చెయ్యాలి, ఆ రాత్రికే. టచ్ ఫోను అక్కర్లేదు. యాప్ అక్కర్లేదు. ఇంటర్నెట్ అక్కర్లేదు. బటన్ల ఫోను చాలు. ఇంట్లో చదువుకున్న మనవడుంటే, వాచిన చెంపకి ఫొటో తీసి పంపమనండి, కాదనను. కానీ ఫొటో చూసి "ఏం పర్లేదు" అని పడుకుంటే కుదరదు. గొంతు వాపు ఫొటోలో కనపడదు.

ఆ ఫొటో ఎవరిది? రోగిది. దాన్ని పోస్టరు మీద "ముందు, తర్వాత" అని వేసుకోవడం మీ హక్కు కాదు. ఇదీ చెప్పాల్సి రావడమే ఖర్మ.

ఇప్పుడు మీ సంగతి.

అవును, మీరే. చదువుతున్నవాళ్లు. మీ అమ్మ ఊళ్లో ఉంది. మీరు చెన్నైలోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉన్నారు. రోజూ వీడియో కాల్ చేస్తారు, మంచిదే. "తిన్నావా అమ్మా?" అంటారు. "తిన్నాను" అంటుంది. ఏం తిందో అడిగారా? నమలగలుగుతోందా అని అడిగారా? ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి పెట్టిన కట్టుడుపళ్ల డబ్బు మీరు పంపిందే కదా. అవి నోట్లో ఉన్నాయో లేవో తెరమీద కనిపిస్తుంటే కూడా మీకు కనిపించలేదా? కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఫార్వర్డ్ చేశారు, గర్వపడ్డారు. మీ అమ్మ ఆ మిఠాయి కొరికి ఎన్నేళ్లయింది?

పాలెగాడు కట్టబొమ్మన మనవాడని ఏటా బ్యానర్లు కడతారు. కులానికో సంఘం, సంఘానికో కల్యాణమండపం, మండపానికో వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే రెండొందల గుడ్ మార్నింగులు. ఆ గ్రూపుల్లో పళ్ల డాక్టర్లున్నారు, నాకు తెలుసు. ఒక్కరైనా "ఈ వారం మన ఊళ్లలో పన్ను పీకించుకున్నవాళ్లెవరు? నేను పలకరిస్తాను" అన్నారా? ఉచిత దంత శిబిరం పెడతారు, రిబ్బను కత్తిరిస్తారు, ఒక్క పూటలో పళ్లన్నీ పీకి ఫొటోలు దిగి బస్సెక్కుతారు. మర్నాడు నెత్తురు ఆగనివాళ్ల ఇంటికి ఎవరెళ్లాలి? శిబిరం బ్యానరు మీద స్పాన్సర్ల నంబర్లున్నాయి, డాక్టరు నంబరేది?

శిబిరానికి డబ్బిచ్చినవాళ్లు ఇంకోసారి ఇచ్చేముందు ఒక షరతు పెట్టండి. ఎంతమందిని చూశారన్న లెక్క మాకొద్దు. మూడో రోజు ఎంతమందికి ఫోను చేశారో, అందులో ఎందరు ఇబ్బందుందన్నారో, వాళ్లకి ఏం చేశారో ఆ లెక్క చూపించమనండి. చూపించలేని శిబిరానికి రూపాయి ఇవ్వకండి.

డాక్టరు అన్నలారా, అక్కలారా, ఇవాళ మీరు పన్ను పీకినవాళ్ల నంబర్లు మీ రిజిస్టరులోనే ఉన్నాయి. ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఎవరి జీవో కోసమూ ఆగక్కర్లేదు.

మీరు, చదివేవాళ్లు, మీ నోరు వాళ్ల చేతికిచ్చేముందు, ఇంకా మొద్దు సూది పడకముందే, మాట పెగులుతుండగానే అడగండి: మూడో రోజు నాకు ఫోను చేసేదెవరు? ఏ వేళకి? ఏ భాషలో? నేను చేస్తే ఎత్తేదెవరు?

జవాబు వచ్చేదాకా నోరు తెరవకండి.